వంట చెప్పడానికి మాస్టర్స్ దేనికీ?

పోయిన నెలలో ఒక శనివారం పొద్దున్నే అన్నయ్య ఫోన్. పలకరింపులూ అవీ ఏమీ లేవు. "నీ మేనకోడలికి నువ్వే చెప్పాలి, నా మాట వినడం లేదు" అన్నాడు. ఏం కొంప మునిగిందో అని నా గుండె దడదడలాడింది. తీరా విషయం ఇదీ. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఉంటున్న మా మేనకోడలు ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక, మళ్లీ చదువుకుంటానంటోంది. అదే ఏ కంప్యూటర్ కోర్సో అయితే అన్నయ్య ఈపాటికి బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకునేవాడు. ఆ పిల్ల చేస్తానంటున్నది స్కూల్లో 'ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్' టీచరు కావడానికి మాస్టర్స్. అదేమిటే అని అడిగితే "మన హోమ్ సైన్సే నాన్నా" అందట. అక్కడొచ్చింది తంటా.

"వంటా కుట్టుపనీ చెప్పడానికి మాస్టర్స్ దేనికీ? అదీ డాలర్లు పోసి! మన అమ్మ ఏ యూనివర్సిటీలో చదివిందని అంత కమ్మగా వండేది?" అన్నాడు అన్నయ్య.

ఆ ప్రశ్న వేసింది కూతురి గురించే అయినా తగిలింది మాత్రం నాకు. ముప్పై రెండేళ్లు హోమ్ సైన్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా. ఈ మాట నాకు కొత్త కాదు. పెళ్లిళ్లలో, రైళ్లలో, ఆఖరికి మా కాలేజీ స్టాఫ్ రూములో కూడా విన్నాను. ఫిజిక్స్ లెక్చరరుగారు మా డిపార్టుమెంటు వైపు వచ్చినప్పుడల్లా "ఏం మేడమ్, ఇవాళ స్పెషలేంటి?" అనేవారు. అది పలకరింపో వెక్కిరింపో ముప్పై రెండేళ్లలో తేల్చుకోలేకపోయాను.

సరే, ముందు ఆ అమ్మాయి సంగతి చెప్తాను. హైదరాబాదు సైఫాబాదులోని హోమ్ సైన్స్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ చేసింది. పెళ్లయి వెళ్లింది. హెచ్-4 వీసా మీద ఏళ్లు గడిచాయి. ఆ వీసా మీద వెళ్లినవాళ్లు చదువుకోవచ్చుగానీ ఉద్యోగం చేయకూడదు. 2015లో కొందరు హెచ్-4 వాళ్లకు పని అనుమతి ఇచ్చే నిబంధన వచ్చాక, ఆ కార్డు చేతికందిన రోజున ఆ పిల్ల ఏడ్చిందని మా వదిన చెప్పింది. ఒక డేకేర్‌లో చేరి చిన్నపిల్లల్ని చూసుకుంటోంది. ఇంతలో ఏడో తరగతి చదువుతున్న కొడుకు స్కూల్లో కుట్టానంటూ ఒక కుషన్ పట్టుకొచ్చాడు. అంచులు వంకర, ఒక మూల దూది బయటికి తొంగిచూస్తోంది. అయితేనేం, తనే కుట్టాడు. తల్లిదండ్రుల్ని స్కూలుకు రమ్మన్న రోజున వెళ్లి చూస్తే ఒక పెద్ద గదిలో వరసగా ఆరు వంటగట్లు, వాటికి పొయ్యిలు, పక్కన కుట్టుమిషన్లు, గోడమీద పిల్లల ఎదుగుదల చార్టు, బోర్డు మీద క్రెడిట్ కార్డు వడ్డీ లెక్క! "అత్తయ్యా, నాకు మన కాలేజీ లాబ్‌లోకి అడుగుపెట్టినట్టు అయిపోయింది" అంది ఫోన్లో. అక్కడి టీచరమ్మ ఇంకో రెండేళ్లలో రిటైరవుతోందట. ఆమె స్థానంలోకి ఎవరొస్తారో స్కూలు వాళ్లకే తెలియదట.

అది నిజమే. అమెరికాలో పలు రాష్ట్రాల టీచర్ల కొరత జాబితాల్లో ఈ సబ్జెక్టు ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చింది. పాతవాళ్లు రిటైరవుతున్నారు, ఈ టీచర్లను తయారుచేసే యూనివర్సిటీ విభాగాలు కొన్ని మూతపడ్డాయి. పిల్లలు చేరకపోవడం వల్ల క్లాసులు ఎత్తేయడం ఒక సంగతి. చెప్పేవాళ్లు దొరక్క ఎత్తేయడం ఇంకో సంగతి. ఈ రెండోదే ఎక్కువ బాధపెడుతుంది.

ఇక అన్నయ్య ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మరీ అంత వెనక్కి కాదులెండి, నూటయాభై ఏళ్లు.

ఎలెన్ స్వాలో అని 1842లో మసాచుసెట్స్‌లో పుట్టిన ఒక అమ్మాయి. వాసర్ కాలేజీలో డిగ్రీ అయ్యాక రసాయనశాస్త్రం చదువుతానని బోస్టన్‌లోని ఎమ్‌ఐటీకి దరఖాస్తు పెట్టింది. అప్పటిదాకా అక్కడ ఆడపిల్లన్న మాటే లేదు. వాళ్లు బాగా ఆలోచించి, 1870 చివర్లో ప్రత్యేక విద్యార్థిగా చేర్చుకున్నారు. ఫీజు కూడా వద్దన్నారు. ఎంత మంచివాళ్లో అనుకుందామె. అసలు సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. ఫీజు తీసుకోకపోతే, రేపు ఎవరైనా అభ్యంతరం చెప్పినప్పుడు 'ఆమె మా విద్యార్థిని కాదు' అని చెప్పుకోవచ్చు కదా! 1873లో అక్కడే బీఎస్ పట్టా తీసుకుంది. పైచదువూ కొనసాగించింది గానీ డాక్టరేట్ మాత్రం ఇవ్వలేదు. పెళ్లయ్యాక ఎలెన్ రిచర్డ్స్‌గా ఆమె మసాచుసెట్స్ రాష్ట్రపు నీళ్లను వేల నమూనాల్లో పరీక్షించింది. ఇంటికి వచ్చే నీళ్లు, పాలు, పిండి, గాలి - వీటిని కూడా ల్యాబులో పెట్టి చూడాల్సిందేనని ఆమె వాదన. 1899లో లేక్ ప్లాసిడ్ అనే ఊళ్లో పట్టుమని డజను మంది కూడా లేని ఒక చిన్న సమావేశం జరిగింది. దానికి ఆమె పెద్ద. ఈ సబ్జెక్టుకు ఏ పేరు పెట్టాలి, ఏ క్లాసులో ఏం చెప్పాలి, చెప్పేవాళ్లకు ఏ చదువుండాలి అన్నది పదేళ్లపాటు ఏటేటా కూర్చుని తేల్చుకున్నారు. అలా పుట్టింది హోమ్ ఎకనామిక్స్. 1909లో అమెరికన్ హోమ్ ఎకనామిక్స్ అసోసియేషన్ ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆవిడే. డాక్టరేట్ దక్కని మనిషి పెట్టిన సబ్జెక్టులో ఆ తర్వాత ఎందరు డాక్టరేట్లు చేశారో!

1917లో స్మిత్-హ్యూస్ చట్టం అని ఒకటి వచ్చింది. వ్యవసాయం, చేతివృత్తులతో పాటు హోమ్ ఎకనామిక్స్ చెప్పడానికి కూడా అమెరికా కేంద్ర ప్రభుత్వం డబ్బివ్వడం మొదలెట్టింది. టీచర్లకు శిక్షణ ఇవ్వడానికీ అందులో వాటా ఉంది. దాంతో దేశమంతా ఈ టీచర్ల కోసం కాలేజీలు వెలిశాయి. మంచీ జరిగింది, వింతలూ జరిగాయి. కార్నెల్ యూనివర్సిటీలో 1919 నుంచి ఏం చేశారో తెలుసా? ఇల్లు నడపడం నేర్పే అపార్ట్‌మెంట్లలో అనాథ పసిపిల్లల్ని తెచ్చిపెట్టారు. అమ్మాయిలు వంతులవారీగా తల్లులు. మొదటి బాబుకి 'డిక్కీ డోమెకాన్' అని పేరు పెట్టారు. డొమెస్టిక్ ఎకానమీలో సగం సగం కలిపి ఇంటిపేరన్నమాట! కొన్నాళ్లు పెంచి దత్తతకిచ్చేవారు. ఆ పిల్లలు బాగా తిని బలంగా ఉండేవారట గానీ, నెలకి ఇంతమంది తల్లులు మారితే పసిమనసు ఏమవుతుందన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ వచ్చినట్టు లేదు. పిల్లల మనస్తత్వం గురించి తర్వాత నేర్చుకున్నదాన్ని బట్టే అది తప్పని అర్థమైంది. ఇప్పుడు స్కూళ్లలో ఎలక్ట్రానిక్ బొమ్మను ఇచ్చి ఇంటికి పంపుతున్నారు. అర్ధరాత్రి కేరుకేరుమంటుంది. లేచి ఎత్తుకున్నదీ లేనిదీ లోపల చిప్పులో రికార్డవుతుంది. ఇది మగపిల్లలకీ ఇస్తారు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం తర్వాత ఇది ఆడపిల్లల క్లాసు, అది మగపిల్లల క్లాసు అనే విభజన చెల్లదు. మా మనవడు కుషన్ కుట్టింది ఆ చలవతోనే.

మాకు పసిపిల్లల్ని ఇవ్వలేదుగానీ ఇల్లు ఇచ్చారు. మేం డిగ్రీ చదివే రోజుల్లో హోమ్ మేనేజ్‌మెంట్ హౌస్ అని ఉండేది. ఆరుగురు అమ్మాయిలం పదిహేను రోజులు ఆ ఇంట్లో కాపురం ఉండాలి. ఒకరు మేనేజరు, ఒకరు వంట, ఒకరు వంటకి సాయం, ఒకరు ఊడ్పూ తుడుపూ, ఒకరు బట్టలు, ఒకరు అతిథుల మర్యాద. రెండ్రోజులకోసారి వంతులు మారతాయి. ఇంత డబ్బని ఇస్తారు, పైసా దాటకూడదు. నేను మేనేజరుగా ఉన్నప్పుడే కిరోసిన్ అయిపోయింది. మర్నాడు మేడమ్ భోజనానికి వస్తున్నారు. ఆ రాత్రి పడ్డ కంగారు ఏ పరీక్షకీ పడలేదు. దాన్నెలా గట్టెక్కించామో మాత్రం ఇక్కడ రాయను. అప్పుడూ రాయలేదు.

కాన్సాస్ అనగానే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన రోజుల్లో దానికి చేయందించింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీయే. అక్కడి ప్రొఫెసర్లు వచ్చి హైదరాబాదులో కాపురాలుండి వెళ్లారు. మనవాళ్లు అక్కడికి పైచదువులకి వెళ్లివచ్చారు. మా మేనకోడలు చదివింది ఆ విశ్వవిద్యాలయం కిందే, ఎన్.జి.రంగా గారి పేరు పెట్టాక. అంటే ఆ పిల్ల ఏదో తెలియని దేశపు చదువు కోసం ఎగబడటం లేదు, మేనమామ ఇంటికి వెళ్తున్నట్టే!

ఇంకొకావిడ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. ఫ్లెమ్మీ కిట్రెల్. 1904లో నార్త్ కరొలైనాలో నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు. హాంప్టన్‌లో డిగ్రీ చేసి బెన్నెట్ కాలేజీలో హోమ్ ఎకనామిక్స్ పంతులమ్మగా చేరింది. అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఉద్యోగం చేస్తూనే కార్నెల్‌కి వెళ్లి 1930లో మాస్టర్స్, 1936లో డాక్టరేట్ తెచ్చుకుంది. దేనిమీదనుకున్నారు? తన రాష్ట్రంలోనే నల్లజాతి తల్లులు పసిపిల్లలకు ఏం పెడుతున్నారు, ఎలా పెడుతున్నారు అన్నదానిమీద. 1944 నుంచి హోవర్డ్ యూనివర్సిటీలో ఆ విభాగానికి పెద్ద. 1950లో ఫుల్‌బ్రైట్ సాయంతో మన దేశానికొచ్చింది, బరోడాకి. అక్కడ హన్సా మెహతా గారు వైస్ చాన్సలరుగా ఉండి, సరిగ్గా ఆ రోజుల్లోనే హోమ్ సైన్స్ ఫ్యాకల్టీని నిలబెడుతున్నారు. ఇద్దరు ఆడవాళ్లు, రెండు దేశాలు, పిల్లల తిండి దగ్గర కలుసుకున్నారు. ఇటువైపు నుంచి చూస్తే మన రాజమ్మాళ్ దేవదాస్ గారు అమెరికాలో ఓహయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి డాక్టరేట్ చేసి వచ్చి కోయంబత్తూరు అవినాశిలింగం సంస్థను అంతదాన్ని చేశారు. 1992లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇదంతా విని అన్నయ్య అన్నాడూ, "వాళ్లు పరిశోధనలు చేశారు సరే. స్కూలు పిల్లలకి పప్పు ఎలా వండాలో చెప్పడానికి అంతెందుకు?"

సరే, పప్పు దగ్గరికే వద్దాం. పప్పు ఉడికాకగానీ చింతపండు పులుసు పొయ్యకూడదని మా అమ్మకి తెలుసు. ఎందుకని అడిగితే "ముందే పోస్తే ఉడికి చావదు" అనేది. వండటానికి అది చాలు, చెప్పడానికి చాలదు. క్లాసులో ఒక పిల్లవాడు లేచి ఎందుకు ఉడకదు టీచర్ అంటాడు. పులుపు తగిలితే గింజలోని కణాల మధ్య బంధం వదలదు, నీళ్లు లోపలికి పోనివ్వదు అని చెప్పాలి. చెప్పి, రెండు గిన్నెల్లో వండి చూపించాలి. అమ్మ గంజి వార్చేది, ఆ గంజి గేదెకి పోసేది. గంజితోపాటు బి విటమిన్లు పోతాయి. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానంగా తినే రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు ఉండేది, కాళ్లు వాచి, నడవలేక, గుండె ఆగి పోయేవాళ్లు. అంటే అమ్మ చేతి కమ్మదనానికీ అమ్మకి తెలియని ప్రమాదానికీ ఒకటే గిన్నె. ఇవి తెలిసినంత మాత్రాన అమ్మకంటే గొప్పగా వండుతామని కాదు. నా చేతి పులిహోర తిని మా వారు ఇప్పటికీ మా అత్తగారిని తలుచుకుంటారు.

పైగా ఇరవైనాలుగు మంది పన్నెండేళ్ల పిల్లలు, ఆరు పొయ్యిలు, కత్తులు. ఒకడికి వేరుశనగ పడదు, ఇంకొకతె గుడ్డు ముట్టదు. ఒక పిల్ల ఇంట్లో వారం నుంచి సరుకుల్లేవు, ఆ రోజు క్లాసులో చేసిందే ఆమెకి భోజనం, అది ఎవరికీ తెలియకుండా టీచరు గమనించాలి. నలభై అయిదు నిమిషాల్లో వండించాలి, తినిపించాలి, గిన్నెలు కడిగించాలి, ఆ మధ్యలో పాఠం కూడా చెప్పాలి. ఇదంతా ఎవరైనా పుట్టుకతో నేర్చుకుని వస్తారా?

మా మేనకోడలు ఏ చదువు చదవాలో కూడా చెప్తాను, మీ ఇళ్లల్లోనూ ఇలాంటి అమ్మాయిలు ఉండొచ్చు. అక్కడ స్కూల్లో చెప్పాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, ఆ రాష్ట్రపు టీచర్ లైసెన్సు ఉండాలి. దేశం మొత్తానికి ఒకటే రూలు లేదు, రాష్ట్రానికొక తీరు. చాలాచోట్ల సబ్జెక్టు పరీక్ష పెడతారు, చాలా రాష్ట్రాలు వాడేది ప్రాక్సిస్ అనే పరీక్ష. స్కూల్లో ఒక సెమిస్టరు పాటు సీనియరు టీచరు పక్కన ఉండి పాఠాలు చెప్పాలి. వేలిముద్రలు తీసుకుని పూర్వాపరాలు విచారిస్తారు. మాస్టర్సుల్లోనూ రెండు రకాలు. ఒకటి, డిగ్రీ ఉండి లైసెన్సు లేనివాళ్లని టీచర్లను చేసేది. రెండోది, ఇప్పటికే టీచర్లుగా ఉన్నవాళ్లు పైకి చదువుకునేది. చాలా స్కూలు జిల్లాల్లో మాస్టర్స్ ఉన్న టీచరుకి జీతం స్కేలే వేరు, అందుకని ఉద్యోగం చేస్తూ సాయంత్రాలూ వేసవి సెలవుల్లోనూ చదువుతారు. పేరు చూసి పొరపాటున రెండోదాంట్లో చేరితే డబ్బూ కాలమూ పోయి లైసెన్సు మాత్రం రాదు. చేరేముందే 'దీంతో ఈ రాష్ట్రంలో లైసెన్సు వస్తుందా?' అని రాతపూర్వకంగా అడగమన్నాను. మాస్టర్స్ అంటే సాధారణంగా ముప్పై, ముప్పై ఆరు క్రెడిట్లు. ఆన్‌లైన్‌లో కూడా ఉన్నాయి. ఆ గోధుమ పొలాల రాష్ట్రాల్లో ఊళ్లు దూరం దూరం కదా, ఒక్కో యూనివర్సిటీలో ఒకరిద్దరు ప్రొఫెసర్లే మిగిలారు. అందుకని 1994లోనే కొన్ని యూనివర్సిటీలు గ్రేట్ ప్లెయిన్స్ ఐడియా అని కూటమి కట్టాయి. పేరు ఒక యూనివర్సిటీలో నమోదు చేసుకుని, పాఠాలు నాలుగైదు యూనివర్సిటీల ప్రొఫెసర్ల దగ్గర వినడం దాని పద్ధతి. పేదింటి పెళ్లిలో తలా ఒక గిన్నె తెచ్చి పెట్టినట్టు!

మన దగ్గరి డిగ్రీకి అక్కడ విలువ కట్టించుకోవడం ఇంకో పని. ఈమెది నాలుగేళ్ల బీఎస్సీ కావడం కలిసొచ్చింది. మూడేళ్ల డిగ్రీని అక్కడి నాలుగేళ్లదానికి సమానమని ఒప్పించడం చాలాచోట్ల కష్టం, కొన్ని కోర్సులు అదనంగా చేయమంటారు. ఇంకో తేడా ఉంది. మన దగ్గర పీజీకి వచ్చేసరికి సబ్జెక్టు అయిదు కొమ్మలవుతుంది. ఆహారం-పోషణ, పిల్లల ఎదుగుదల-కుటుంబం, వనరుల నిర్వహణ-వినియోగదారులు, వస్త్రాలు, విస్తరణ. ఒక కొమ్మ పట్టుకుంటే మిగతా నాలుగూ మర్చిపోతాం. నేను న్యూట్రిషన్. నాకు ఇప్పుడు రవిక కుట్టమంటే చేతులు వణుకుతాయి. అక్కడి స్కూలు టీచరుకి అలా కుదరదు. ఉదయం పసిపిల్లల ఎదుగుదల, మధ్యాహ్నం కేకులు, చివరి పీరియడ్ ఇంటి బడ్జెట్. అన్నీ ఒక్కరే.

పేరు గురించి కూడా ఒక మాట. ఈ సబ్జెక్టుకి దాని పేరు చూస్తేనే ఎప్పుడూ సిగ్గు. అమెరికాలో 1994లో ఆ అసోసియేషన్ హోమ్ ఎకనామిక్స్ తీసేసి ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ అని మార్చుకుంది. బరోడాలో ఫ్యామిలీ అండ్ కమ్యూనిటీ సైన్సెస్ అయింది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. పేరు మారాక ఒక పాత విద్యార్థిని ఇంటికొచ్చి "మేడమ్, ఇప్పుడు మా ఆయన నా డిగ్రీ పేరు నలుగురిలో చెప్తున్నారు" అంది. నవ్వాను. లోపల మాత్రం నాకు కాస్త కోపంగానే ఉంది. ఇల్లు అన్న మాటలో తప్పేముందని?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లుగా ఈ పేజీలో ఎన్నో రాశాను గానీ ఇది రాయలేదు. 1991లో నాకు పీహెచ్‌డీకి స్టడీ లీవ్ వచ్చే అవకాశం వచ్చింది. కోయంబత్తూరు. మూడేళ్లు. మా అబ్బాయి అప్పుడు రెండో తరగతి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. సంక్రాంతికి అందరం చేరినప్పుడు భోజనాల దగ్గర మాటొచ్చింది. "వంట మీద డాక్టరేటా? అయితే ఇక నుంచి సాంబారుకి కూడా ప్రిస్క్రిప్షన్ రాస్తావన్నమాట" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా వారు మాత్రం "నీ ఇష్టం" అన్నారు. ఈ 'నీ ఇష్టం' అన్న మాటకి మన ఇళ్లల్లో ఎన్ని అర్థాలున్నాయో ఆడవాళ్లకే తెలుసు. దరఖాస్తు ఫారం నింపాను, సంతకం కూడా పెట్టాను. పోస్టు చెయ్యలేదు. ఎవరూ నన్ను ఆపలేదు, అది నిజం. ఎవరైనా ఆపి ఉంటే వాళ్లమీద కోపం పెట్టుకుని బతికేదాన్ని. ఆ ఫారం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో రికార్డు పుస్తకాల కింద ఉంది.

మా అల్లుడు కూడా ఈ అమ్మాయితో "నీ ఇష్టం" అనే అన్నాడట. ఆ మాట వినగానే నాకు చెయ్యి చల్లబడింది. "ఒసేయ్, ఆ మాటకి అర్థమేమిటో కూర్చోబెట్టి అడుగు. సోమ, బుధవారాలు సాయంత్రం నువ్వు క్లాసులో ఉంటే పిల్లలకి అన్నం పెట్టేదెవరు, హోమ్‌వర్కు చూసేదెవరు, ఫీజు ఏ ఖాతాలోంచి, ప్రాక్టీసు సెమిస్టరులో డేకేర్ జీతం ఆగిపోతే ఎలా. కాగితం మీద రాయించు" అన్నాను. నిజానికి అది కూడా మా సబ్జెక్టే, కుటుంబ వనరుల నిర్వహణ. ఇద్దరూ ఒక ఆదివారమంతా కూర్చుని రాశారట. మధ్యలో ఒకసారి పోట్లాడుకున్నారట కూడా. మంచిదే.

అన్నయ్యతో మాత్రం వేరే దారిలో వెళ్లాను. మా అన్నయ్య బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక లెక్క చెప్పు. క్రెడిట్ కార్డు మీద 50,000 బాకీ. నెలకి మూడున్నర శాతం వడ్డీ. కనీసం కట్టాల్సింది అయిదు శాతం. ఆ కనీసమే కడితే ఏమవుతుంది?" అన్నాను.

ఆయనకి కాగితం అక్కర్లేదు. "2,500 కడతాడు. అందులో 1,750 వడ్డీకే పోతుంది. అసల్లో తగ్గేది 750. పన్నులు వేస్తే అదీ తగ్గుతుంది. ఈలోపు కార్డు మళ్లీ గీకితే ఇక ఆ మనిషి తేలడు" అన్నాడు.

"నీ సర్వీసులో ఎంతమందికి ఈ లెక్క తెలుసు?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పుకొచ్చాడు. సంతకం ఎక్కడ పెట్టాలో తప్ప ఇంకేమీ అడగని మనుషులు. కూతురి పెళ్లికి బంగారం తాకట్టుపెట్టి గడువు తేదీ మర్చిపోయిన ఒక తండ్రి. హామీ సంతకం అంటే ఏమిటో తెలియక స్నేహితుడి అప్పుకి తన ఇల్లు పోగొట్టుకున్న ఒక బడిపంతులు. "పంతులే! ఎంత చదువుకున్నాడు! ఎవరూ చెప్పలేదురా నాకు అని నా టేబుల్ ముందు కూర్చుని ఏడ్చాడే" అన్నాడు.

"వాళ్లబ్బాయి స్కూల్లో బోర్డు మీద ఉన్నది ఆ లెక్కే అన్నయ్యా. ఏడో తరగతిలో. దాన్ని చెప్పే టీచరే రిటైరవుతోంది" అన్నాను. ఆయన సరే అనలేదు, కాదనలేదు. టీవీలో వార్తలొస్తున్నాయని ఫోన్ పెట్టేశాడు.

మా మేనకోడలు దరఖాస్తు పెట్టింది. సీటు వచ్చింది. మొదటి సెమిస్టరులో ఒక క్లాసు ఈ సబ్జెక్టు చరిత్ర గురించేనట. ప్రాజెక్టుగా తన దేశంలో దీన్ని ఎలా నేర్పేవారో రాసుకురమ్మన్నారట. "అత్తయ్యా, నీ దగ్గర పాత రికార్డులున్నాయి కదా. వంటింట్లో అడుగులు కొలిచి లెక్కలు వేశామని చెప్పేదానివి చూడు, అది కావాలి" అని అడిగింది. లిలియన్ గిల్‌బ్రెత్ అని పన్నెండుమంది పిల్లల తల్లి, ఇంజనీరు, 1929లో బ్రూక్లిన్‌లోని ఒక గ్యాస్ కంపెనీ కోసం తక్కువ అడుగులతో పని అయ్యే వంటిల్లు తయారు చేసింది. మా కాలేజీలో దాన్నే మాతో చేయించారు. స్టవ్వు నుంచి నీళ్లకుండకి, కుండ నుంచి రోలుకి దారం పట్టుకుని నడిచి, దారం పొడవు కొలిచేవాళ్లం. మా అమ్మ వంటింట్లో కూడా కొలిచాను, అమ్మ ఒక్క పూట వంటకి ఎంత దూరం నడుస్తుందో. ఆ అంకె చూసి నాన్న రోలు జరిపించారు.

ట్రంకుపెట్టె తెరిచి ఆ పుస్తకాలు తీశాను. నా ఫోనుతో ఫోటోలు తీస్తే అక్షరాలు మసకగా వస్తున్నాయి. స్కానరు అన్నయ్య ఇంట్లో ఉంది. పుస్తకాలు ఇచ్చి వచ్చాను. అన్నీ ఒకేసారి ఇచ్చేశాను, రోలు లెక్కలున్నదీ, ఇల్లు నడిపిన పదిహేను రోజుల రికార్డూ. ఫారం మాత్రం తీసి పక్కన పెట్టుకున్నాను.

ఆ రాత్రి పదింటికి అన్నయ్య ఫోన్. ఆయన అంత రాత్రి చెయ్యడు.

"ఈ రోలు సంగతి నాకు తెలియదే. అమ్మ అంత నడిచేదా?" అన్నాడు.

"ఊ."

"సర్లే. ఇంకోటి. ఈ హోమ్ మేనేజ్‌మెంట్ హౌస్ లెక్కల్లో తొమ్మిదో రోజు పద్దు కలవడం లేదు. పదకొండు రూపాయలు తేడా ఉంది. మూడుసార్లు కూడాను. మీ మేడమ్ ఎలా సంతకం పెట్టిందే దీనిమీద?"

"అది కిరోసిన్ అన్నయ్యా" అన్నాను. "బ్లాకులో కొన్నాం."